ఆరేళ్ల కాక్‌టెయిల్ బార్: లోగో మొత్తం మార్చాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా?

ప్రశ్న: కౌంటర్‌వెనకాల

అందరికీ నమస్కారం. మేం బార్ తెరిచి ఆరేళ్లయింది. 38 సీట్లు, అందులో 11 కౌంటరు దగ్గరే. నేనూ ఇంకో భాగస్వామీ నడుపుతున్నాం. తెరిచిన రోజుల్లో డిజైన్‌కి విడిగా ఖర్చుపెట్టే స్తోమత లేదు. బొమ్మలు బాగా వేసే స్నేహితురాలు ఒకామె లోగో గీసిచ్చింది. సన్న గీతలతో ఒక కూపే గ్లాసు (కాడ మీద వెడల్పాటి గిన్నెలా ఉండేది), దాని అంచు మీద సగానికి కోసిన నిమ్మచెక్క, కింద మా పేరు. నల్ల అట్ట మీద ముదురు వైన్ ఎరుపు. మెనూకీ అదే, బోర్డుకీ అదే, గ్లాసు కింద పెట్టే కోస్టర్లకీ అదే.

ఈ ఆరేళ్లలో అదంతా చెదిరిపోయింది. మెనూ ఏడాదికి నాలుగుసార్లు మారుస్తాం. ఎవరికి తీరిక దొరికితే వాళ్లు కూర్చుని చేసేశారు. ఇప్పుడు మెనూలో ఒక ఫాంటు, బోర్డు మీద ఒకటి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకొకటి. ఆప్రాన్ల మీద కుట్టించిన లోగోలో గ్లాసు కాడ విరిగినట్టు కనిపిస్తుంది. నిరుడు వచ్చిన కోస్టర్లలో ఎరుపు కాస్తా గోధుమరంగులోకి తిరిగింది.

మూడు నెలల కిందట ఒక డిజైన్ సంస్థకి పని అప్పగించాం. వాళ్లు చూపించిన కొత్త రూపంలో గ్లాసు లేదు, నిమ్మచెక్క లేదు. లావు అక్షరాల్లో పేరు మాత్రమే. ముదురు నీలం మీద లేత గులాబీ. పెద్ద తెర మీద చూసినప్పుడు మా ఇద్దరికీ నచ్చింది. ఆ వారమే ఒక నమూనా బోర్డు అచ్చువేయించి తలుపు పక్కన ఆనించి పెట్టాం. మొదటి ఏడాది నుంచీ వారానికి రెండుసార్లు వచ్చే ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయి, "ఏంటండీ, చేతులు మారాయా?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉన్నది అలాగే ఉంచితే చిందరవందరగా ఉంది. మొత్తం మారిస్తే ఆరేళ్ల పరిచయం పోతుందేమోనని టెన్షన్. ఏది ఉంచాలి, ఏది వదలాలి అనేది ఎలా తేల్చుకుంటారు? ఈ పని చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: షేకర్‌చేతిలో

నేను డిజైనర్ని కాదు, పన్నెండేళ్లుగా కౌంటరు వెనక నిలబడుతున్నవాణ్ని. లోగో సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. నేను రోజూ చూసేది చెప్తాను.

మెనూ చేతికిచ్చాక మనిషి ఏం చేస్తాడో ఒక్కసారి చూడండి. ఫోన్ తీసి లైటు వేస్తే మీ మెనూ ఓడిపోయినట్టే. పక్క టేబుల్ వాళ్ల కళ్లలో కూడా ఆ వెలుతురు పడుతుంది, మీరు కష్టపడి పెట్టుకున్న మసక వెలుగు అక్కడితో సరి. మా బార్‌లో నల్ల కాగితం మీద బూడిదరంగు అక్షరాల మెనూ వచ్చిన సీజన్‌లో రాత్రికి పదిసార్లు ఇదే వరస. పేర్లు చదవలేక "మీరే ఏదో ఒకటి ఇవ్వండి" అనేవాళ్లు. ఒకరిద్దరికైతే సంతోషంగా చేసిపెడతాం. అందరూ అలా అంటే ఇక మెనూ ఎందుకు?

ఇక కోస్టర్లు. మెరిసే లామినేషన్ వేయించకండి. గ్లాసు చెమట పట్టి నీళ్లు కిందికి కారతాయి, లామినేషన్ ఆ నీళ్లని పీల్చదు. కోస్టరు గ్లాసు అడుగుకి అతుక్కుని పైకి లేస్తుంది, తాగేటప్పుడు ఊడి ఒళ్లో పడుతుంది. మంచి బట్టలు కట్టుకొచ్చిన మనిషికి చిరాకు. చెక్క గుజ్జుతో చేసే మామూలు మందపాటి కోస్టరుని మించింది లేదు. 1892లో డ్రెస్డెన్‌లో రాబర్ట్ స్పుత్ అనే ఆయన ఆ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది. దాని మీద సన్న గీతలు మాత్రం నిలబడవు. సిరా గుజ్జులోకి ఇంకి కొంచెం పాకుతుంది. మీ ఎరుపు గోధుమరంగులోకి తిరగడానికీ అదే కారణం అయ్యుండొచ్చు.

ఇంకొక్క మాట. రద్దీ రాత్రి నా వెనక షెల్ఫులో సీసాల పేర్లు నేను చదవను. మెడ పొడవు, భుజం వంపు చేతికి తెలుస్తాయి. కంపారీ సోడా చిన్న సీసా చూశారా? 1932లో ఫార్చునాటో డెపెరో ఇచ్చిన రూపం, తలకిందులు చేసిన గ్లాసులా ఉంటుంది. కాగితం లేబులే లేదు, అయినా ఎవరూ పొరబడరు. మీ బార్‌లో అలా చేతికి తెలిసేది ఏమిటో వెతకండి.

జవాబు: గీతలు_అక్షరాలు

మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను చేసేది ఇదే పని. ఒకే బార్‌కి తొమ్మిదేళ్లుగా బోర్డులు, మెనూలు, కోస్టర్లు చేస్తున్నాను. మూడుసార్లు రూపం మార్చాం, అందులో ఒకసారి తప్పుగా మార్చాం. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు ఒక పని చేయండి, దీనికి ఖర్చేమీ ఉండదు. చిన్న చీటీలు, పెన్సిళ్లు కౌంటరు మీద పెట్టండి. తరచూ వచ్చేవాళ్లని, "మా బోర్డు ఎలా ఉంటుందో చూడకుండా గీయండి" అని అడగండి. బాగా గీయక్కర్లేదని ముందే చెప్పండి. తెర మీద ఏ రూపం నచ్చిందని అడిగితే మనుషులు మర్యాదకి ఏదో ఒకటి చెప్తారు. పెన్సిల్ పట్టుకున్న చెయ్యి గుర్తున్నదే గీస్తుంది. మేం ఇది రెండో మార్పు తర్వాత చేశాం, అదే మా పొరపాటు. నేను మూడు వారాలు కూర్చుని ఒక్కొక్కటీ సరిచేసిన అక్షరాలని ఒక్కరూ గీయలేదు. ఒకావిడ తలుపు పిడిని గీసింది, పక్షి మెడలా వంగిన ఇత్తడి పిడి. ఆ తర్వాత చీటీలన్నీ తిరగేస్తే సగానికి పైగా ఆ పిడే ఉంది. అది పాత భవనంతో పాటు వచ్చింది, నేను చేసింది కాదు. రెండో మార్పులో దాన్ని తీసేసి స్టీలు పిడి పెట్టించింది కూడా నేనే. ఆ ఇత్తడి పిడిని గోదాంలో వెతికించి, తోమించి, మళ్లీ బిగించాం. ఇప్పుడు మెనూ అట్ట మీద ఉండే గీత దాని వంపే.

మనిషికి గుర్తుండేది ఆకారం, ఆ తర్వాత రంగు, ఆ తర్వాతే అక్షరం. దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒకటుంది. బ్రిటన్‌లో ట్రేడ్‌మార్కుల చట్టం అమల్లోకి వచ్చిన 1876లో, జనవరి 1న నమోదైన మొదటి గుర్తు బాస్ బీరు వాళ్ల ఎర్ర త్రికోణం. ఆరేళ్ల తర్వాత, 1882లో, ఎడ్వార్డ్ మానే పారిస్‌లోని ఫోలీ బెర్జేర్ బార్ కౌంటరుని చిత్రించాడు. పాలరాయి కౌంటరు మీద సీసాలు, మధ్యలో ఆ అమ్మాయి. సీసాల్లో కొన్నిటి మీద చిన్న ఎర్ర త్రికోణం. పేరు చదవక్కర్లేదు, కుంచెతో నాలుగు దెబ్బలు వేస్తే చాలు, అదేం సీసానో తెలిసిపోతుంది. మీ గుర్తు కూడా అంత మసకలో, అంత చిన్నగా, అంత హడావిడిలో బతకగలగాలి.

ఇప్పుడు మీ రంగు. వెలుతురు తగ్గేకొద్దీ మన కళ్లకి ఎరుపు నల్లబడుతుంది, నీలం, ఆకుపచ్చ దానికంటే తేటగా కనిపిస్తాయి. 1819లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గమనించాడు. మధ్యాహ్నం మెరిసే ఎర్ర పూలు తెల్లవారుజామున నల్లగా కనబడటం చూసి ఆలోచనలో పడ్డాడట. వైన్ ఎరుపు అసలే ముదురు, దాని కింద నల్ల అట్ట. పైన దీపాలు తగ్గించగానే మీ లోగో అట్టలో కలిసిపోతుంది. అలాగని కొత్త నీలం గట్టెక్కుతుందని అనుకోకండి. బార్‌లలో వాడే పసుపుపచ్చని బల్బులు, అంటే 2200 నుంచి 2700 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) మధ్యవి, వాటి వెలుగులో నీలం పాలు చాలా తక్కువ. దానికింద నీలం సిరా మురికి బూడిదలా తేలుతుంది. కన్ను ఒకవైపు లాగుతుంది, బల్బు ఇంకోవైపు లాగుతుంది. అందుకే ఇది లెక్క వేసి తేల్చేది కాదు. ప్రూఫు, అంటే అచ్చు నమూనా, తీసుకెళ్లి మీ బార్‌లో అన్నిటికంటే చీకటి సీటు దగ్గర, రాత్రి తొమ్మిదిన్నరకి, డిమ్మరు మీరు రోజూ పెట్టే చోటే పెట్టి చూడండి. పగలు ఆఫీసు ట్యూబులైటు కింద ఏ రంగునీ ఒప్పుకోవద్దు.

షేకర్‌చేతిలో గారు చెప్పిన ఫోన్ లైటు మాట అక్షరాలా నిజం. దానికి నా పరిష్కారం నల్ల కాగితం మానేయడం. మీగడ రంగు కాగితం, మెరుపు లేనిది, కొంచెం గరుకైనది. దాని మీద దాదాపు నలుపు సిరా. కాగితమే టేబుల్ మీది దీపం వెలుగుని పట్టి ముఖం మీదకి కొంచెం తిప్పుతుంది. మెనూ చదువుతున్న మనుషుల ముఖాలు ఎంత అందంగా వెలుగుతాయో చూడండి, మీ బార్ ఫోటోలన్నీ మారిపోతాయి. బంగారు ఫాయిల్ జోలికి మాత్రం వెళ్లకండి. మా మొదటి ఏడాది మెనూలో డ్రింకుల పేర్లన్నీ ఫాయిల్‌లో కొట్టించాం. కొవ్వొత్తి ముందు పట్టుకుంటే సగం పదం తళుక్కుమనేది, మిగతా సగం మాయం. మెనూని అటూ ఇటూ వంచుతూ చదివేవాళ్లు. పది రోజులు చూసి, మొత్తం తీయించేసి మళ్లీ అచ్చువేయించాం.

సన్న గీతల సంగతి. ఒకే బొమ్మని బోర్డుకీ, కోస్టరుకీ, ఫోన్‌లో గోరంత బొమ్మకీ వాడితే ఎక్కడో ఒకచోట విరుగుతుంది. మీ ఆప్రాన్ మీద గ్లాసు కాడ అందుకే విరిగింది. ఒకే గుర్తుని మూడు మందాల్లో గీయించుకోండి. పెద్దదానికి సన్నగా, మధ్యదానికి కొంచెం లావుగా, చిన్నదానికి బాగా లావుగా, వివరాలు తగ్గించి. మూడూ పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుంది, విడివిడిగా చూస్తే ఒకటే అనిపిస్తుంది. నియాన్ బోర్డు ఆలోచన ఉంటే ఇంకో మాట. గాజు గొట్టానికి మొదటి నుంచి చివరిదాకా ఒకటే లావు. సన్నం లావూ కలిసిన అక్షరాలు అందులో రావు. అక్షరానికీ అక్షరానికీ మధ్య గొట్టానికి నల్ల రంగు పూసి దాస్తారు, అది పగటిపూట కనిపిస్తూనే ఉంటుంది. జార్జ్ క్లాడ్ 1910లో పారిస్‌లో నియాన్ దీపాన్ని ప్రదర్శనకి పెట్టినప్పటి నుంచీ ఆ గొట్టం స్వభావం మారలేదు. గుర్తు గీసేటప్పుడే దాన్ని మనసులో పెట్టుకోవాలి.

మెనూ ఏడాదికి నాలుగుసార్లు మారడం మీకు వరం, దాన్ని భారంలా చూడకండి. కాగితం కొలత, పేరు ఉండే చోటు, డ్రింకు పేరుకి వాడే అక్షరం, కింద పదార్థాల వరస: వీటిని కదిలించకండి. ప్రతి సీజన్‌కీ ఒక బొమ్మ, ఒక రంగు మార్చండి, అంతే. ఏడాది తిరిగేసరికి నాలుగు మెనూలు గోడ మీద వరసగా పెడితే అక్కాచెల్లెళ్లలా కనబడాలి.

అసలు గుర్తు అంటే లోగో ఒక్కటే కాదు. వియన్నాలో అడాల్ఫ్ లోస్ 1908లో కట్టిన అమెరికన్ బార్ సుమారు 27 చదరపు మీటర్లే. గోడలకి మహాగని పలకలు, వాటి పైనుంచి కప్పుదాకా అద్దాలు. కూర్చున్నవాళ్లకి తమ ముఖం కనబడదు, పాలరాయి కప్పు మాత్రం నాలుగు వైపులా సాగిపోతున్నట్టు ఉంటుంది. ఒకసారి చూసినవాళ్లు ఆ గదిని మరచిపోలేరు. 1999 చివరిరోజు న్యూయార్క్‌లో సాషా పెట్రాస్కే తెరిచిన మిల్క్ అండ్ హనీ అనే బార్‌కి బయట పేరు బోర్డే ఉండేది కాదు. పద్ధతిగా కోసిన ఐసు, కొలిచి పోసిన మద్యం, గొంతు పెంచకుండా మాట్లాడే మనుషులు. ఆ పద్ధతిని ఎన్ని బార్‌లు నేర్చుకున్నాయో!

చీటీలు గీయించండి. అప్పటిదాకా ఆ సంస్థకి అవుననీ కాదనీ చెప్పకండి.

జవాబు: కొత్తదారి

గీతలు_అక్షరాలు గారి మాటల్లో చాలావాటితో ఏకీభవిస్తాను, ఒక్కచోట తప్ప. పాతవాళ్లకి గుర్తున్నదే కాపాడుకుంటూ పోతే కొత్తవాళ్లు ఎలా వస్తారు? నేను భాగస్వామిగా ఉన్న బార్ మొదట రమ్ డ్రింకులతో, వెదురు గోడలతో, బొమ్మ ముఖాల మట్టి కప్పులతో నడిచింది. 1930లలో హాలీవుడ్‌లో డాన్ ద బీచ్‌కోంబర్ మొదలుపెట్టిన పోకడ అది, మేం దూరం నుంచి అనుకరించాం. ఐదో ఏడాదికి మా డ్రింకులు పూర్తిగా మారిపోయాయి. షెర్రీ, వెర్మూత్ లాంటి వైన్లతో చేసే తేలికైనవి. గోడ మీద ఇంకా ఆ ముఖాలే. లోపలికి వచ్చినవాళ్లు అడిగేది ఒకటి, మేం చేసేది ఇంకొకటి. పైగా ఎవరి దేవతల రూపాలనో కప్పులుగా చేసి వాడుతున్నామన్న సంగతి నాకు అప్పటికి ముల్లులా గుచ్చుకుంటోంది. మొత్తం తీసేశాం. పాతవాళ్లలో కొందరు రావడం మానేశారు, నిజమే. ఆ మార్పు చేసినందుకు నేను ఈరోజుకీ సంతోషిస్తున్నాను.

కాబట్టి ముందు వేసుకోవలసిన ప్రశ్న: లోపల బార్ మారిందా? మారితే బోర్డు కూడా మారాలి. లోపల అదే బార్ అయితే, గీతలు_అక్షరాలు గారు చెప్పినట్టు చేయండి.

గీతలు_అక్షరాలు

ఈ మాట ఒప్పుకుంటాను. డ్రింకులు మారినా బోర్డు మారకపోతే వచ్చినవాళ్లకి అబద్ధం చెప్పినట్టే. మీరు కప్పులు తీసేయడం సరైన పని.

కౌంటర్‌వెనకాల

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నాను, నాలుగు రాత్రులు చీటీలు గీయించాం.

మొత్తం 23 చీటీలు వచ్చాయి. పేరు అక్షరాలు సరిగ్గా గీసినవాళ్లు లేరు. గ్లాసుని కొందరు మార్టినీ గ్లాసులా, కొందరు వైన్ గ్లాసులా గీశారు. 17 చీటీల్లో మాత్రం పైన ఒక అర్ధచంద్రుడు ఉన్నాడు. మొదట అర్థం కాలేదు. ఒకమ్మాయిని అడిగితే, "మీ చందమామ కదండీ" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. మేం ఆరేళ్లుగా నిమ్మచెక్క అనుకుంటున్నది వాళ్లకి చందమామ! ఇంకొకాయన మా గుమ్మం మెట్లు గీశాడు. బార్ నేలమాళిగలో ఉంది, ఐదు మెట్లు దిగాలి. మెట్ల పైన ఆ చందమామ, ఇంకేమీ లేదు, పేరు కూడా లేదు. "చేతులు మారాయా" అన్న పెద్దాయనే ఆయన. ఆ చీటీ ఇప్పుడు నా పర్సులో ఉంది.

గీసిచ్చిన స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే గింజలు తీసేద్దాం, చందమామే ఉండనీ" అంది.

రంగు కూడా చూశాం. మూలన ఉండే ఏడో నంబరు టేబుల్ దగ్గర పాత మెనూ, నీలం ప్రూఫు, మీగడ కాగితం మీద ఒక నమూనా పక్కపక్కన పెట్టాం. పాత ఎరుపు కనబడనే లేదు. నీలం తడిసిన బొగ్గులా ఉంది. మీగడ కాగితం మీది అక్షరాలు మా భాగస్వామి కళ్లద్దాలు లేకుండా చదివాడు. ఎరుపుని పూర్తిగా వదలబుద్ధి కాక, కొంచెం నారింజ కలిపి ప్రకాశవంతం చేసి చందమామకి మాత్రం వాడాం. అది మసకలోనూ నిలబడింది.

మా డ్రింకులు మారలేదు, కొత్తదారి గారూ. తెరిచిన రోజు చేసిన డ్రింకుల్లో నాలుగు ఇప్పటికీ మెనూలో ఉన్నాయి. కాబట్టి గ్లాసు వెళ్లిపోతుంది, చందమామ ఉంటుంది. డిజైన్ సంస్థ వాళ్లకి చీటీలన్నీ చూపించాం. వాళ్లూ శ్రద్ధగా చూసి, అక్షరాలు ఆ వంపుకి తగ్గట్టు మళ్లీ గీస్తామన్నారు.

ఒక్క సందేహం మిగిలింది. ఆప్రాన్ల మీద చందమామతో పాటు పేరు కూడా కుట్టించాలా? కుట్టిస్తే ఎక్కడ?

గీతలు_అక్షరాలు

చీటీల సంగతి చదివి చాలాసేపు సంతోషంగా ఉన్నాను. మెట్లు గీసినాయన చీటీని స్కాన్ చేసి దాచండి. పర్సులో నలిగిపోతుంది.

ఆప్రాన్ మీద పేరు వద్దు. లోపలికి వచ్చినవాళ్లకి పేరు తెలుసు. చిన్న అక్షరాలు దారంతో కుడితే మధ్య ఖాళీలు పూడుకుపోతాయి, ఉతికేకొద్దీ ముడుచుకుంటాయి. చందమామ ఒక్కటే, మీరు గీయించుకునే మూడింటిలో లావు గీతది, లోపలంతా దారంతో నింపి కుట్టించండి. ఎడమ రొమ్ము మీద వద్దు, షేకరు ఊపేటప్పుడు ఆ చెయ్యి అడ్డొచ్చి ఎప్పుడూ కనబడదు. మెడ పట్టీ మీద, కుడి భుజం దగ్గర కుట్టించండి. కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్ల కళ్లెత్తుకి సరిగ్గా అక్కడ వస్తుంది. ముందు ఒక్కటే కుట్టించి, పదిసార్లు వేడినీళ్లలో ఉతికించి చూసి, ఆ తర్వాత మిగతావి ఇవ్వండి.

షేకర్‌చేతిలో

కుడి భుజం సరే, కానీ పట్టీ బకిల్ ఆవైపు ఉంటే దారం రాసుకుని తెగుతుంది. బకిల్ ఎడమవైపు ఉండే ఆప్రాన్లు తీసుకోండి.